నా పదమూడు

జూన్ 3
ట్రయల్ మొదలైంది. మలేరియా తగ్గినా రక్తం పుంజుకోనివాళ్లకు ఆకుల నుంచి తీసిన క్యాప్సూల్ ఇస్తున్నాం. హిమోగ్లోబిన్ మెషిన్‌కి రోజూ ముందుగా ఆరోగ్యవంతుల రక్తం పెట్టి, ఇది ఇంత అని అంకె చెప్పాలి. ఆ రక్తం నాదే. బయట పెద్ద ల్యాబ్‌లో చూపించుకుంటే పదమూడు ఉంది. డాక్టరుగారు నన్ను నార్మల్ అని పిలుస్తున్నారు. నన్ను ఆ మాట అన్నవాళ్లలో ఈయనే మొదలు.

జూన్ 20
అక్కకు బదిలీ అయింది. వెళ్లిపోయింది. గదిలో మంచాలు రెండు, మనిషిని ఒక్కదాన్ని. ఒక్కదానికి వంటేమిటి? టీ, బిస్కెట్లు.

జూలై 29
ఈ నెలా బ్లీడింగ్ పదిరోజులు. అక్క ఫోన్ చేసి బాగున్నావా అంది. బాగున్నానన్నాను. అలవాటైన అబద్ధం.

ఆగస్టు 30
అందరి అంకెలూ ఎక్కుతున్నాయి. ఎనిమిదిన్నరవాళ్లు పదకొండు దాటారు. డాక్టరుగారి కాళ్లు నేలమీద ఆనడం లేదు. ఇంకో పక్షంలో రిపోర్టు పంపేస్తారట. నాకు మాత్రం మెట్లెక్కితే ఆయాసం.

సెప్టెంబర్ 14
బట్టలు కుట్టే పెద్దావిడకు పన్నెండు వచ్చింది. పాస్ అయ్యారు, ఇక ఇంటికెళ్లొచ్చన్నాను. మిషను నాలుగు తొక్కులు తొక్కితే గుండె దడదడలాడుతోంది, ఏం పాసమ్మా అంది. రెప్ప కిందికి లాగి చూశాను. తెల్లగా పాలిపోయి ఉంది. మెషిన్ అబద్ధం చెప్పదన్నాను. ఆవిడ ఊరుకోలేదు. నా రెప్ప లాగి చూసింది. నీదీ ఇట్లాగే ఉందే, ఇంట్లో ఎవరూ చూడలేదా అని అడిగింది.

అదే రోజు, సాయంత్రం 5
పెద్ద ల్యాబ్‌కు పరుగెత్తాను. నా రక్తం ఎనిమిదిన్నర.

ఇన్నాళ్లూ నా తగ్గుతున్న రక్తాన్నే పదమూడని మెషిన్‌కి నూరిపోశాను. అది నమ్మి అందరికీ ఎక్కువ చూపించింది. లెక్కవేస్తే పెద్దావిడకు ఎనిమిది కూడా లేదు. ఆవిడలా ఎంతమందిని ఇంటికి పంపానో! రేపే రిపోర్టు. చెబితే డాక్టరుగారి కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. చెప్పకపోతే ఆ తెల్లటి రెప్పలు నన్ను వదలవు. భయంగా ఉంది.

సెప్టెంబర్ 15
చెప్పేశాను. డాక్టరుగారు రిపోర్టు సొరుగులో పెట్టేశారు. ఇంటికి పంపినవాళ్లందరినీ వెనక్కి పిలవమన్నారు. ఆకుమందు పనిచేస్తుందో లేదో మళ్లీ మొదటినుంచి. తిడతారనుకున్నాను. ఇంత తగ్గేదాకా ఎవరికీ చెప్పుకోలేదా అని అడిగారు. అంతే, ఏడుపు ఆగలేదు.

సెప్టెంబర్ 17
వార్డు. మంచాలు రెండు, మనుషులం ఇద్దరం. పొద్దున్నే పెద్దావిడ నా రెప్ప లాగి చూసి, ఇంకా పాస్ కాలేదంది.