అన్నీ తెలిసినవాళ్లే గిన్నెలు కడగాలి

నాన్నా, నేను కులాసా. నా ఉద్యోగం గురించి బెంగపడకు, నిలిచింది.

పోయిన నెల ఒక సబ్బుల ఫ్యాక్టరీకి సలహా చెప్పడానికి మా మేనేజరుతో వెళ్లాను. ప్యాకింగ్ యంత్రం మధ్యాహ్నం పూటే ఎందుకు ఆగిపోతోందని యజమాని నన్నే అడిగాడు. ఏదో ఒకటి చెప్పెయ్యమని మేనేజరు కళ్లతో సైగ చేశాడు. నాకు మన వంటిల్లు గుర్తొచ్చింది. రోజూ కంచాల ముందు నువ్వు "ఇవాళ నీకు తెలియనిదేంటే?" అని అడిగేవాడివి. అన్నీ తెలుసన్నవాళ్లు ఆ పూట గిన్నెలు కడగాలి.

"తెలియదండీ. యంత్రం దగ్గర నిలబడి చూసి చెప్తాను" అన్నాను.

"హమ్మయ్య, తెలియదనే సలహాదారు ఇన్నాళ్లకి దొరికింది! రేపు పొద్దున్నే రామ్మా" అని యజమాని నవ్వాడు.

"నీ పని అయిపోయిందనుకున్నా తల్లీ" అన్నాడు మేనేజరు బయటికొచ్చాక.

మర్నాడు మధ్యాహ్నం దాకా అక్కడే నిలబడి చూశాను. పడమటి కిటికీలోంచి పడే ఎండకు డబ్బాల జిగురు కరిగి యంత్రానికి అంటుకుంటోంది. అదీ కారణం. ఈ వారం నన్ను పర్మనెంట్ చేశారు.

నీ మోకాలు ఎలా ఉంది? చెల్లి గిన్నెలు కడగడం ఎగ్గొడుతోందా? నా నీలం స్వెటర్ పంపించు. ఇక్కడ ఒక్కదాన్నే తింటాను. నీ ప్రశ్న అడిగేవాళ్లు లేక రోజూ గిన్నెలు నేనే కడుగుతున్నాను.

అమ్మకూ చెల్లికీ ముద్దులు. నువ్వు జవాబు రాసేటప్పుడు, క్షేమం అడిగే ముందు ఆ ప్రశ్న అడుగు.

నీ పెద్దది