లేచాక పెట్టే చద్దన్నం

1978 డిసెంబరు 10, ఆదివారం

చనిపోయిన చిన్నపిల్లను ప్రభువు లేపిన భాగం ఈ రోజు చర్చిలో బందరు పాస్టరుగారు చెప్పారు. సువార్తంతా గ్రీకులో రాసినా, ఆ పిల్లతో అన్న "తలీతా కుమీ", అంటే "చిన్నదానా, లే" అన్న రెండు మాటలు మాత్రం ప్రభువు మాట్లాడిన అరామిక్‌లోనే ఉంచారట. ఆ భాషలో మగపిల్లాణ్ణి లేపే మాట వేరు, ఆడపిల్లను లేపే మాట వేరట. పెద్ద మాటేం కాదు, ఇంట్లో తల్లి పొద్దున్నే పిలిచే మాటేనట.

నేనూ మా కరుణను అలాగే లేపేదాన్ని. "లేమ్మా, బడి గంట కొట్టేస్తున్నారు" అంటే, "ఇంకాస్సేపమ్మా" అని నా కొంగు మొహం మీదికి లాక్కునేది.

ఆరాధనయ్యాక అడిగాను. "ఉప్పెనలో పోయిన నా పిల్లను ఎందుకు లేపలేదండీ?"

"తెలియదమ్మా. నేను చదివిన చదువు అంతవరకు వెళ్ళదు" అన్నారు. అలా ఒప్పుకోవడమే నాకు నచ్చింది.

లేచిన పిల్లకు తినడానికి పెట్టమని కూడా ప్రభువు చెప్పాడట. ఏడాదిగా కరుణ గిన్నెలో రోజూ రాత్రి గుప్పెడన్నం వేసి నీళ్ళు పోస్తున్నాను. పొద్దున్నే మా ఆయన అది తిని పొలం వెళ్తారు. ఉప్పెన తర్వాత ఆ పిల్ల ఊసే ఎత్తలేదు. ఇందాక నేను నీళ్ళు పోస్తుంటే ఉప్పు డబ్బా నా వైపు జరిపారు.

"దానికి ఉప్పెక్కువుండాలి గదే" అన్నారు.