మూడో సిఫారసు

నవంబర్ 3, సోమవారం. ఉదయం

తన ఫోను మోగింది. మెయిల్ వచ్చినప్పుడు మోగే చిన్న శబ్దం. పొయ్యి మీద పాలున్నాయి. నీకు మెయిల్ వచ్చింది చూడు, అన్నాను. అన్నాక గిన్నె దింపి కాసేపు అక్కడే నిలబడ్డాను.

తను, నా భార్య, పోయింది సెప్టెంబర్‌లో. ఆ ఫోనుకి చార్జింగ్ పెట్టడం మాత్రం నేను మానలేదు. ఎందుకని అడిగితే చెప్పలేను.

మెయిల్ ఒక యూనివర్సిటీ గ్రాడ్యుయేట్ అడ్మిషన్ల ఆఫీసు నుంచి. ప్రొఫెసర్ గారికి, మీరు రాస్తానని ఒప్పుకున్న సిఫారసు ఇంకా మాకు అందలేదు, ఆఖరు తేదీ నవంబర్ 30, అని. కింద ఉత్తరం పెట్టాల్సిన లింకు, ఒక విద్యార్థిని పేరు. నేనెప్పుడూ వినలేదు.

తెరవక ముందు అక్షరాలు నల్లగా, లావుగా ఉన్నాయి. చదివి వెనక్కి వచ్చేసరికి సన్నబడ్డాయి. తను చదివేసినట్టు. తెరవకుండా ఉండాల్సింది.

నవంబర్ 6, గురువారం

మళ్ళీ వచ్చింది. అవే మాటలు. కంప్యూటర్ పంపుతుంది కాబోలు. తను లేదని దానికెవరూ చెప్పలేదు.

పనిలోకి వెళ్ళాను. నాది తూనికలు కొలతల శాఖ. కొట్లలో కాటాలు పరీక్షించి సీలు వేస్తాను. ఇవాళ ఒక కొట్టులో కాటా ఎక్కువ చూపిస్తోంది. సీలు వెయ్యనన్నాను. కొట్టాయన, సార్, మీరు పెళ్ళిచూపులకి కూడా తూకపు బాట్లు పట్టుకునే వెళ్ళుంటారు, అన్నాడు. నవ్వాను. ఇంటికెళ్ళి తనకి చెప్పాలనుకున్నాను. గేటు తీస్తుండగా గుర్తొచ్చింది.

నవంబర్ 9, ఆదివారం

బావమరిది వచ్చాడు. అతనిది ఫోన్లు బాగుచేసే షాపు. అక్క నంబరు, మెయిల్ అన్నీ మూయించాలి బావా, ఊరికే ఉంచితే ఎవడో ఒకడు దూరతాడు, అన్నాడు. ఈ నెలాఖరు దాకా ఉండనీ అన్నాను.

మెయిల్ సంగతి చెప్పాను. చదివితే అక్షరాలు సన్నబడుతున్నాయన్నాను. అతను మెయిల్ మీద వేలు అదిమి పట్టి, ఇదిగో, చదవనట్టు పెట్టు అని ఉంటుంది, అది నొక్కు, అన్నాడు. మళ్ళీ లావయ్యాయి. ఊరందరి కాటాలూ సరిచేస్తావు గాని బావా, ఫోను పట్టుకుంటే ఒకటో తరగతే, అన్నాడు. అని బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచాడు.

నవంబర్ 10

వచ్చింది. తెరవలేదు.

నవంబర్ 12, బుధవారం. సాయంత్రం

ఒకమ్మాయి వచ్చింది. చేతిలో హెల్మెట్, భుజానికి సంచి. మేడమ్ స్టూడెంట్‌ని సార్, అంది. ఊళ్ళో లేను, పోయిన నెలలో తెలిసింది, తెలిశాక రావడానికి ధైర్యం చాల్లేదు, అంది. తను కూర్చునే కుర్చీలో కూర్చోబోయి, ఏమనుకుందో, లేచి స్టూలు లాక్కుంది.

మెయిల్‌లో ఉన్న పేరు ఈమెదే.

రూల్సు చెప్పింది. పీహెచ్‌డీ సీటుకి మూడు సిఫారసులు కావాలి. అందులో ఒకటి ప్రాజెక్టు చేయించినవాళ్ళదే అయ్యుండాలి. చేయించింది తనే. అప్లికేషన్ పంపేశాక సిఫారసు చేసేవాళ్ళ పేరు మార్చడం కుదరదు. మూడూ పడితేనే ఫైలు కమిటీ ముందుకి వెళ్తుంది. రెండు పడ్డాయి. వచ్చే ఏడాది పెట్టుకోవచ్చు కదమ్మా అన్నాను. ఎంట్రన్స్ స్కోరుకి ఈ ఏడాదే ఆఖరు సార్, మళ్ళీ రాద్దామంటే ఇచ్చే ఛాన్సులు అయిపోయాయి, రెండుసార్లు తప్పాను, అంది. దాచలేదు.

మేడమ్ హాస్పిటల్‌లో ఉండే ఒప్పుకున్నారు సార్, ఫోన్లో నొక్కారు, అంది. మెసేజ్ చూపించింది. ఈసారన్నా అన్నీ మూసి పంపు తల్లీ, అని ఉంది. తన మాటే.

నా నుంచి ఏం కావాలో ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు. స్కూటర్ శబ్దం దూరమయ్యాక చూస్తే వీధి తలుపు బార్లా తీసి ఉంది. అవతల గేటు కూడా.

అప్పుడు తెలిసింది ఎవరో. తలుపు.

నవంబర్ 13, గురువారం

పొద్దున మెయిల్ వచ్చింది.

తను మైక్రోబయాలజీ చెప్పేది. తన విద్యార్థులందరికీ పేర్లు పెట్టేది. భోజనాల దగ్గర ఆ పేర్లే వినేవాణ్ణి. నిద్రముఖం, పెన్ను లేనివాడు, తలుపు. తలుపు అంటే జన్మలో ఏ తలుపూ సరిగ్గా వెయ్యని పిల్ల. రెండేళ్ళుగా నాకు తెలుసు. నిన్ననే చూశాను.

ఒకసారి ఇంక్యుబేటర్ తలుపు వదిలేసింది. లోపల ప్లేట్లలో పెంచుతున్న సూక్ష్మజీవులన్నీ చల్లబడి చచ్చాయి. క్లాసు మొత్తం చేసిన పని. మర్నాడు తను వెళ్ళేసరికి గది బయట నిలబడి ఉందట. ఎవరూ అడక్కుండానే, నేనే మేడమ్, అందట. ఆ రాత్రి తను అన్నం కెలుకుతూ, దానికి నేను చచ్చినా సిఫారసు రాయనండీ, అంది.

వారం గడిచాక ఇంకో కథ. పాడైన ప్లేట్లు పారెయ్యమంటే తలుపు అన్నీ పారేసి ఒకటి ఉంచిందట. అందులో ఏదో పెరుగుతోందట. చలికి చావకుండా ఇదేంటి మేడమ్ అని అడిగిందట. నాకూ తెలియదండీ, అంటూ తను చెంచా గాల్లో పట్టుకునే ఉండిపోయింది. చారు చల్లారిపోయింది. ఆ తర్వాత చాలాకాలం మా ఇంట్లో ఆ ప్లేటు గురించే. ఇవాళ రంగు మారింది, ఇవాళ అంచు వంకర తిరిగింది. ఆఖరికి అది గాల్లోంచి పడ్డ మామూలు బూజని తేలింది. ఇద్దరం కలిసి బూజుకి బారసాల చేశామండీ, అని తను కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది.

చచ్చినా రాయనంది. హాస్పిటల్ మంచం మీద ఒప్పుకుంది. మధ్యలో ఏమైందో నాకు చెప్పలేదు. ఆ బూజే అయ్యుంటుంది.

నవంబర్ 17, సోమవారం

మెయిల్ వచ్చింది. ఆఫీసు నుంచి అడ్మిషన్ల వాళ్ళకి ఫోన్ చేశాను. ఒకావిడ ఎత్తింది. సంగతి చెప్పాను. అయ్యో అని, వెంటనే, రూల్ మాత్రం రూలే సార్, అంది. పేరు మార్చాలంటే ముందు వైస్ ఛాన్సలర్ అనుమతి, దానికి డెత్ సర్టిఫికెట్, మళ్ళీ అక్కడి హెడ్ ఉత్తరం. అవన్నీ అయ్యేసరికి క్లాసులు మొదలవుతాయి, అంది.

నేను రాస్తే చెల్లుతుందా అని అడిగాను. మీరు పాఠం చెప్పారా అంది. లేదన్నాను. ల్యాబులో చూశారా అంది. లేదన్నాను. మరి మీరేం రాస్తారు సార్, అంది. తప్పుగా అనలేదు. నిజంగానే అడిగింది.

ఆవిడే గొంతు తగ్గించింది. మా దగ్గర మూడు పడ్డాయా లేదా అంతే చూస్తాం, లోపల ఏముందో కమిటీ చూసుకుంటుంది, ఈ ముక్క నేను మీకు చెప్పలేదు, అని పెట్టేసింది.

నవంబర్ 18

తలుపు ఫోన్ చేసింది. మొహమాటపడుతూ, నేనే రాసి పంపుతాను సార్, మీరు మేడమ్ లింకులో పెడితే చాలు, అందరూ అలానే చేస్తారు, అంది. అలా వద్దమ్మా అన్నాను. సరే సార్, అని ఊరుకుంది. ఆ ఊరుకోవడం రోజంతా వినపడుతూనే ఉంది.

నవంబర్ 20, గురువారం. మధ్యాహ్నం

పొద్దున మెయిల్. సెలవు పెట్టాను. తన బల్ల దగ్గర కూర్చుని, తన పేరు మీదే రాద్దామనుకున్నాను. నాకు రాదనుకున్నాను.

వచ్చేసింది. ఆగకుండా. ఈ పిల్లకి చేతులు రెండూ ఎడమవే, అని మొదలైంది. తన విసుగు, తన ఎత్తిపొడుపు, వాక్యం మధ్యలో ఆగి పక్కకి తిరిగే అలవాటు. వెనకాల నిలబడి చెప్తున్నట్టే ఉంది. తిరిగి చూస్తే ఆపేస్తుందేమోనని చూడలేదు. పేజీ నిండింది. కింద తన పేరు కొట్టాను.

అప్పుడు చూశాను తిరిగి. బీరువా, గోడ, క్యాలెండర్.

చెరిపేశాను. నేను పరీక్షించని కాటాకి ఎవరి సీలూ వెయ్యను. తన సీలు అసలే వెయ్యను. చెరిపేస్తుంటే ఒక్కో వాక్యం కింద నుంచి పైకి పోయింది. తను గదిలోంచి వెనక్కి నడుస్తూ వెళ్ళిపోయినట్టు. భోజనం చెయ్యలేదు.

నవంబర్ 24

వచ్చింది. ఈసారి ఎర్ర అక్షరాలు. తొందర పెడుతోంది.

నవంబర్ 27, గురువారం

వచ్చింది. ఇదే ఆఖరు గుర్తుచేయడం అని రాశారు.

నాకు నేను ఒక మాట ఒప్పుకోవాలి. రాయడం తెలియక ఆగలేదు. అది పంపితే ఈ మెయిళ్ళు ఆగిపోతాయి. ఈ లోకంలో తనని ఇంకా ప్రొఫెసర్ గారూ, మీ కోసం చూస్తున్నాం, అని పిలిచేది అదొక్కటే. బావమరిది కూడా అక్క ఉండేది అంటున్నాడు.

తలుపు మెసేజ్ పెట్టింది. మీ మీద ఏ ఒత్తిడీ లేదు సార్, భోజనం చేశారా, అని. తన విద్యార్థుల్లో ఇలా అడిగింది ఈ ఒక్కతే.

నవంబర్ 29, శనివారం. సాయంత్రం

పంపాను, తన లింకులోనే.

సిఫారసు రాసేటప్పుడు తనకో పద్ధతి ఉండేది. మొదటి వాక్యంలో ఒక లోపం. లోపం లేని మనిషిని ఏ కమిటీ నమ్ముతుందండీ, మీరు మాత్రం కాటాలో తేడా ఎంతుందో రాసుకున్నాకే కదా సీలు వేసేది, అనేది. అలాగే చేశాను. మొదటి వాక్యం ఇది. ఈ ఉత్తరంలో ఉన్న పెద్ద లోపం, దీన్ని రాయాల్సిన మనిషి రాయకపోవడం. ఆమె సెప్టెంబర్‌లో చనిపోయారు. నేను ఆమె భర్తని.

విద్యార్థిని మీకు ఏ హోదాలో తెలుసు అన్న ప్రశ్న ఉంది. భోజనాల దగ్గర, అని రాశాను.

తర్వాత అన్నీ. వెయ్యని తలుపులు. ఇంక్యుబేటర్. గది బయట నిలబడటం. చచ్చినా రాయనండీ. పారెయ్యని ప్లేటు, చల్లారిన చారు, బూజు. ఒప్పుకుంటూ ఫోను నొక్కిన హాస్పిటల్ మంచం. విన్నదే రాశాను. నేను పొగడలేదు, పొగిడే అర్హత నాకు లేదు. నా భార్య ఒక విద్యార్థి గురించి మాట్లాడుతూ అన్నం మరిచిపోయింది ఆ ఒక్కసారే, అది మాత్రం నా కళ్ళతో చూశాను, దానికి నేను సాక్షిని, అని ముగించాను. కింద నా పేరు, నా హోదా, నా ఫోను నంబరు.

వెంటనే మెయిల్ వచ్చింది. ప్రొఫెసర్ గారూ, కృతజ్ఞతలు. మీ నుంచి రావలసినవి ఇంకేమీ లేవు.

డిసెంబర్ 1, సోమవారం

రాలేదు.

డిసెంబర్ 4, గురువారం

పాలు పొంగిపోయాయి. నేను ఫోను వైపు చూస్తున్నాను.

బావమరిది అడిగాడు, మూయించనా అని. ఇంకొన్నాళ్ళు అన్నాను. నీ ఇష్టం బావా, అన్నాడు. నంబరుకి డబ్బు అతనే కడుతున్నాడని తర్వాత తెలిసింది.

జనవరి 21, బుధవారం

తలుపు ఫోన్ చేసింది. ఇంటర్వ్యూకి పిలిచారట, అయిపోయిందట. మీ ఉత్తరం చెల్లుతుందా లేదా అని లోపల పెద్ద గొడవ జరిగిందట సార్, అంది. ఒకాయన ఇది సిఫారసే కాదన్నాడట. ఇంకొకావిడ, మిగతా రెండూ చదివాక ఈ పిల్ల ఎవరో నాకు తెలియలేదు, ఇది చదివాక తెలిసింది, అందట. మొదటి ప్రశ్నే బూజు గురించి. అరగంట దాని మీదే నడిచిందట.

అయిపోయి బయటికొచ్చాక, సగం వరండా దాటాక గుర్తొచ్చింది సార్, వెనక్కెళ్ళి తలుపు వేశాను, లోపల అందరూ నా కోసమే ఎదురుచూస్తున్నట్టు నవ్వారు, అంది. నవ్వుతూనే ఏడ్చింది.

ఏ సంగతీ వచ్చే నెల చెప్తారట.

ఫిబ్రవరి 12, గురువారం. ఉదయం

తన ఫోను మోగింది.

తలుపు రాసింది. నాకు కాదు, తనకే. మేడమ్, సీటు వచ్చింది, అన్నీ మూసే వచ్చాను, అని.

చదివి, వేలు అదిమి, చదవనట్టు పెట్టాను. తను ఇంకా చూడలేదు.