పుస్తకం మూసి చెప్పమన్నారు

బుధవారం, ఉదయం పదకొండు

అక్కకి,

నమస్కారం. నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారనుకుంటాను. ముందు అసలు సంగతి. నిన్న సాయంత్రం ఐదుంపావుకి, కౌన్సెలర్‌గారి గదిలో, నీ మరదలు ఇక విడిపోదాం అంది.

నెలన్నరగా ఆ గదికి వెళ్తున్నాం. నీకు చెప్పలేదు, చెబితే వెంటనే బస్సెక్కుతావని. మా కుర్చీలు ఎదురెదురుగా, కౌన్సెలర్‌గారిది పక్కన. తప్పెవరిదని ఆవిడ అడగదు. గొడవకి ముందు లోపల ఏమవుతుందని అడుగుతుంది. నీ మరదలు గొంతు పెంచుతుంది, నేను నోరు మూస్తాను. నేను మూసేకొద్దీ ఆమె పెంచుతుంది. మీ శత్రువు ఈ గానుగ తిరుగుడే, మీలో ఒకరు కాదు అంటుంది ఆవిడ.

నిన్న పొరపాటు నాదే. పాతికేళ్ల విలేకరి అలవాటు, నోట్‌బుక్కులో ఆమె మాటలు రాసుకుంటూ వచ్చాను. నా ఆపరేషన్ రోజు నువ్వు రాలేదు అని ఆమె మళ్లీ ఎత్తుకుంటే, పేజీలు తిప్పి, ఇదే మాట మూడోవారం ఇలా అన్నావు, పోయినవారం అలా అన్నావు అని చదివి వినిపించాను. ఆమె నవ్వింది. మహానుభావా, నా ఏడుపుకి హెడ్డింగ్ కూడా పెట్టెయ్, పనైపోతుంది అంది. ఆ వెంటనే విడిపోదాం అంది.

కౌన్సెలర్‌గారు పుస్తకం మూయమన్నారు. మూశాను. ఆ రోజు గుర్తొస్తే మీ ఒంట్లో ఏమవుతోంది అన్నారు. వరద వార్త, పేజీ గడువు అని మొదలుపెట్టాను. అది ఊరి సంగతి, నేనడిగింది మీ సంగతి అన్నారు. మూసిన పుస్తకం అట్టకేసి చూస్తూ కూర్చున్నాను. నీ మరదలు బ్యాగు భుజాన వేసుకుంది. ఇంకొక్కసారి వస్తానండీ, ఈయనగారు అప్పుడూ గోడలాగే కూర్చుంటే ఇక నా వల్ల కాదు అంది.

పొద్దున్నుంచి రెండుసార్లు టీ కాచి తాగడం మరిచాను. ఆఫీసు ఫోను ఎత్తలేదు. ఆమె పక్కగదిలో ఇస్త్రీ చేస్తోంది. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా నా పెన్ను ఆగిపోతోంది.

నువ్వు ఆమెకి ఫోన్ చేయకు. చేస్తే, వాడలాంటివాడు కాదే అంటావు. ఆ మాట వినీ వినీ ఆమెకి విసుగెత్తిపోయింది.

ఉంటాను,
నీ తమ్ముడు

తా.క.: ఆ రోజు నేను వరద దగ్గర లేను. ఆ వార్త ముందురోజే పంపేశాను. ఆమెకీ నీకూ అబద్ధం చెప్పాను. పదింటి నుంచి ఒంటిగంట దాకా ఆస్పత్రి కిందే, కారులో కూర్చున్నాను. రెండుసార్లు లిఫ్టు దాకా వెళ్లి వెనక్కొచ్చాను. డాక్టరు బయటికొచ్చి తల అడ్డంగా ఊపుతాడేమోనని భయం. పనిలో ఉన్నానంటే కోపమే వస్తుంది, పిరికివాణ్ణంటే చులకనైపోతాను అనుకున్నాను. రెండేళ్లయింది. రేపు నాలుగింటికి ఆఖరిసారి వెళ్తున్నాం. ముందు నేనే మాట్లాడతానని కౌన్సెలర్‌గారికి ఇందాకే ఫోన్ చేసి చెప్పాను.