టార్పాలిన్ కింది ట్రక్కు

ఓర్విల్, మిషిగన్
1963 జూలై 28

ప్రియమైన తమ్ముడు క్లెమ్‌కి,

ఆరోగ్యం ఎలా ఉందని అడగను. కార్లు అమ్మేవాడికి జూలైలో జబ్బు చేసే తీరిక ఉండదు. పాత మోడళ్లు వదిలించుకునే హడావిడిలో ఉంటావు. అయినా రెండు నిమిషాలు కూర్చుని ఇది చదువు.

గురువారం మా కుట్టు విభాగం గోడకి ఒక కాగితం అంటించారు. మేం నాలుగు వందల మంది ఆడవాళ్లం కుట్టేది హోమ్‌స్టెడ్ ట్రక్కు సీట్లే కదా. "రాబోయే మోడల్ సంవత్సరపు అవసరాల దృష్ట్యా" మిస్సోరీ ఫ్యాక్టరీకి మారదలచినవాళ్లు సెప్టెంబరు ఇరవైలోగా సంతకం చెయ్యాలట. చేస్తే పాత సర్వీసు పోకుండా ఉంటుంది. చెయ్యకుండా ఉండి, ఇక్కడ ఫ్యాక్టరీ మూతపడితే నా ఇరవై రెండేళ్లు గాలికి పోయినట్టే. మూస్తారా అని అడిగితే మేనేజరు నవ్వాడు. "అది మోడల్ రహస్యం బెర్నీస్, నాకే తెలీదు" అన్నాడు.

ఇందులో మతలబు చూడు. సగం మంది సంతకం పెడితే, కుట్టేవాళ్లే లేరని చెప్పి ఫ్యాక్టరీ మూసేయొచ్చు. మా తలుపుకి మా చేతనే తాళం వేయించే ఏర్పాటు. నేను యూనియన్ ప్రతినిధిని కాబట్టి పెట్టాలా వద్దా అని అందరూ నన్నే అడుగుతున్నారు. నాకేం తెలుసు?

నీకు తెలుస్తుంది. ఆగస్టులో డీలర్లకి కొత్త మోడళ్ల పుస్తకం వస్తుంది. హోమ్‌స్టెడ్ ఎక్కడ తయారవుతుందో చూసి ఒక్క ముక్క రాయి. పుస్తకంలో లేకపోతే బండి రాగానే తలుపు పక్కనుండే పలక చూడు. నంబరులో మొదటి అంకె ఫ్యాక్టరీది. మాది నాలుగు.

మరదలు డోరిస్‌ని అడిగానని చెప్పు.

నీ మేలు కోరే, నిన్ను తిట్టే హక్కున్న
అక్క బెర్నీస్


టాల్మన్, అయోవా
ఆగస్టు 9

ప్రియమైన అక్కకి,

పుస్తకం వచ్చింది. ఐదు కార్లు, మూడు ట్రక్కులు, పదకొండు రంగులు. బెలార్డ్ కారు తోక ఈసారి... చూశావా, అప్పుడే నోరు జారబోయాను. కంపెనీ తరఫున జిల్లా చూసుకునే గ్రాఫ్టన్ గారు నా ఎదురుగా కూర్చుని సంతకం చేయించుకున్నారు. విడుదల రోజు లోపల ఏది బయటికి పొక్కినా డీలర్‌షిప్ తీసేస్తారు. నన్ను నమ్ముకుని ఇక్కడ తొమ్మిది మంది ఉన్నారు అక్కా.

ఒట్టు, ఏ బండి ఎక్కడ తయారవుతుందో ఆ పుస్తకంలో లేదు. పలక సంగతి మాత్రం అడగకు.

కొత్త మోడళ్లు విడుదల దాకా ఎవరికీ కనబడకూడదని, ఏటా లాగే షోరూమ్ అద్దాలన్నిటికీ గోధుమరంగు కాగితం అంటించాం. ఊరు ఊరంతా దాని ముందే తచ్చాడుతోంది. నిన్న ఫాదర్ డులిక్ ఒక చిరుగు దగ్గర వంగి కన్ను పెడుతూ దొరికిపోయారు. పైనుంచి దేవుడు చూస్తున్నాడు ఫాదర్ అన్నాను. "ఆయనకేం, అన్నీ కనబడతాయి. కనబడనిది నాకే కదా" అన్నారు.

భయపడకు. అక్కడ ఏం జరిగినా ఇక్కడికి వచ్చెయ్. నా ఆఫీసులో కుర్చీ ఉంది, ఇంట్లో గది ఉంది. డోరిస్ అప్పుడే కర్టెన్లకి బట్ట కూడా ఎంచింది.

నీ
క్లెమ్


ఓర్విల్
ఆగస్టు 16

క్లెమ్,

ఈసారి "ప్రియమైన" లేదు, గమనించు.

నీ ఉత్తరం భోజనాల విరామంలో చదివి, మిగిలిన సగం శాండ్‌విచ్ చెత్తబుట్టలో పడేశాను. ఈ రహస్యం ఎవరి దగ్గర దాస్తున్నార్రా? కొత్త హోమ్‌స్టెడ్ సీటుది ఆకుపచ్చ గళ్ల బట్ట. వీపు ఆనేచోట ఏడు కుట్టు గీతలు, నిరుడు ఐదే. నీ పుస్తకంలో బొమ్మ తీసి లెక్కపెట్టుకో. జూన్‌లో నమూనాకని ముప్ఫై సీట్లు మా చేత కుట్టించారు, అందులో పదకొండు నావి. ఆ బండికి చొక్కా తొడిగినదాన్ని నేను. ఆ బండి ఎక్కడ పుడుతుందో తెలుసుకునే అర్హత మాత్రం నాకు లేదు.

పోటీ కంపెనీ చూస్తుందని తోక దాచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాలుగు వందల కుటుంబాలు ఈ శీతాకాలం ఏ ఊళ్లో గడపాలన్నది కూడా కారు తోకేనా? దాన్నీ గోధుమరంగు కాగితం వెనక పెట్టి, అక్టోబరులో బెలూన్లు కట్టి విప్పుతారా? తెలియనివాళ్లు భయపడతారు. భయపడ్డవాళ్లు చూపించినచోటల్లా సంతకం పెడతారు. రహస్యం చేసే పని అదే. నువ్వూ పెట్టినవాడివే, నీకు వేరే చెప్పాలా?

ఆఫీసు కుర్చీ వద్దు. తమ్ముడింట్లో పడి తినడానికి నా చేతులింకా పడిపోలేదు. డోరిస్‌ని ఆ కర్టెన్లు కుట్టవద్దను. కుట్టినా వంకరగా కుడుతుంది.

బెర్నీస్


టాల్మన్
సెప్టెంబరు 6

ప్రియమైన అక్కకి,

చూశాను.

మంగళవారం మధ్యాహ్నం లారీ మీద కొత్త హోమ్‌స్టెడ్ ఒకటి వచ్చింది, మీద టార్పాలిన్ కప్పి. మా మెకానిక్కులు నేర్చుకోవడానికి మూడు రోజులు ఉంచి మళ్లీ పట్టుకుపోతారు. అందరూ భోజనాలకి వెళ్లాక టార్పాలిన్ ఎత్తి లోపలికి దూరాను. నలభై మూడేళ్లవాణ్ని, సొంత షాపులో దొంగలా మోకాళ్ల మీద పాకాను. బట్ట ఆకుపచ్చ గళ్లదే. గీతలు ఏడే.

పలక మీద మొదటి అంకె నాలుగు కాదు. తొమ్మిది. మూడుసార్లు చూసి, నమ్మకం కలగక వేలితో కూడా తడిమాను. పదకొండేళ్లుగా అమ్ముతున్నాను, తొమ్మిది ఏనాడూ తగల్లేదు. మిస్సోరీలో కొత్తగా కట్టినదే అయ్యుండాలి.

సంతకం పెట్టెయ్ అక్కా. అందరినీ పెట్టమను. ఇంకా రెండు వారాల గడువుంది. ఎవరు చెప్పారని అడిగితే నా పేరు చెప్పినా సరే. నువ్వు రాసినదానికి జవాబు ఆలోచిస్తూ మూడు వారాలు గడిపాను. జవాబు దొరకలేదు కాబట్టే టార్పాలిన్ ఎత్తాను.

ఇలాంటి కబురు మోసుకొచ్చినందుకు క్షమించు.

నీ
క్లెమ్


ఓర్విల్
సెప్టెంబరు 22

ప్రియమైన, నిజంగానే ప్రియమైన తమ్ముడికి,

ముందు నా తప్పు ఒప్పుకోనీ. నీ ఉత్తరం పదో తారీకున అందింది. రహస్యాల మీద నీకంత ఉపన్యాసం దంచినదాన్ని, ఎనిమిది రోజులు దాన్ని ఏప్రన్ జేబులో పెట్టుకుని తిరిగాను. చెబితే అందరూ బెదిరిపోతారని, సమయం చూసి చెప్పాలని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మా మేనేజరు కూడా సరిగ్గా ఇవే మాటలు అంటాడు. నా నోట్లో అతని మాటలు వినబడగానే ఒంటికి కారం రాసుకున్నట్టయింది.

పద్దెనిమిదిన పని దిగాక చర్చి కింది హాల్లో అందరినీ కూర్చోబెట్టి చదివేశాను. నీ పేరొక్కటే చదవలేదు. ముందు వరసలో రొజెల్లా అప్పుడే పెన్ను మూత తీసింది. నేను కూడా తియ్యబోతున్నాను.

అప్పుడు వెనక నుంచి ఓపల్ ట్రింబుల్ లేచింది. బట్ట కత్తిరించే బల్ల దగ్గర ఉంటుంది, ఏభై తొమ్మిదేళ్లు, ఇన్నేళ్లలో ఒక్క మీటింగులో నోరు విప్పి ఎరగదు.

"తొమ్మిదా? తొమ్మిది మిస్సోరీ కాదమ్మా. హెడ్డాఫీసు వెనకుండే నమూనాల షాపు. మా ఆయన పదహారేళ్లు అక్కడే పలకలు కొట్టాడు. ఏ కొత్త బండైనా మొదటి ముప్ఫై అక్కడే చేత్తో బిగిస్తారు. బెర్నీస్, నువ్వు విని భయపడ్డ ఆ బండిలో సీటు నువ్వే కుట్టి ఉంటావు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాసేపయ్యాక. జూన్‌లో మా చేతుల మీదుగా వెళ్లిన ముప్ఫై సీట్లు ఎక్కడికి పోయాయో భయంలో నాకు తట్టనేలేదు.

అలాగని మేం బతికిపోయామని తేలలేదు. తొమ్మిది మాకు ఏమీ చెప్పలేదు, అంతే. అయితే ఓపల్ ఇంకా కూర్చోలేదు. ఏడు గీతల సీటు కత్తిరించే కొత్త అచ్చులు ఆగస్టు చివర్లో ఆరు పెట్టెలు తన బల్ల దగ్గరికి వచ్చాయంది. మూసేసే చోటికి కొత్త అచ్చులెందుకు? దారం గోదాములో పనిచేసే పిల్ల లేచి, ఆకుపచ్చ దారం మార్చి దాకా సరిపడా దిగిందని చెప్పింది. ఎవరికి తెలిసిన ముక్క వాళ్ల దగ్గరే ఉంది క్లెమ్. బయటికి చెప్పకూడదని ఎవరికి వాళ్లు దాచుకున్నారు. నాలుగు వందల మందికీ కలిపి మొత్తం తెలుసు, ఒక్కరికీ తెలియదు.

ఇరవయ్యో తారీకు దాటింది. పదకొండు మంది సంతకం పెట్టారు. వాళ్లనేం అనను, పిల్లలున్నవాళ్లు. మిగతావాళ్లం పెట్టలేదు, నేనూ పెట్టలేదు. తప్పు లెక్క వేశామేమో అక్టోబరులో తెలుస్తుంది.

షోరూమ్ అద్దాల మీది కాగితాలు చింపిన రోజు పలకలు చూడు. సీటు వీపు ముందుకి వంచితే అడుగున చిన్న గుడ్డ చీటీ ఉంటుంది, కుట్టినవాళ్ల నంబరుతో. నాది 214.

టార్పాలిన్ కింద మోకాళ్ల మీద పాకిన నా తమ్ముణ్ని తలుచుకుంటూ,
బెర్నీస్


టాల్మన్
అక్టోబరు 5

ప్రియమైన 214వ నంబరుకి,

నిన్న కాగితాలు చింపేశాం. కాఫీ, డోనట్లు, బెలూన్లు, నువ్వు వెక్కిరించే హంగామా అంతా చేశాను. జనం తోసుకుంటూ లోపలికొచ్చి కొత్త బెలార్డ్ చుట్టూ మూగారు. నేను మాత్రం వాళ్లకి వీపు తిప్పి ట్రక్కుల దగ్గరికి పోయాను.

నాలుగు హోమ్‌స్టెడ్‌లు వచ్చాయి. నాలుగు పలకలూ చూశాను. నాలుగు, నాలుగు, నాలుగు, నాలుగు.

తర్వాత ఒక్కొక్క సీటే వంచుతూ పోయాను. మొదటిది 88. రెండోది 301, ఎవరో గాని కుట్టు చక్కగా ఉంది. మూడోదాంట్లో తల దూర్చి ఉండగా వెనక నుంచి ఎల్మర్ వాస్ అనే రైతు, "ఏం క్లెమ్, డోనట్ పడిపోయిందా?" అన్నాడు.

"మా అక్క దొరికింది" అన్నాను.

ఆయన కూడా టోపీ తీసి పక్కన మోకరిల్లి చీటీ చదివాడు. ఇన్నేళ్లలో ఈ బండి ఎంత బరువు లాగుతుందని, ఎంత పెట్రోలు తాగుతుందని అడిగినవాళ్లే గాని, ఎవరు చేశారని అడిగినవాళ్లు లేరు. ఆయన అడిగాడు. ఓర్విల్ గురించి, కాగితం గురించి, చర్చి కింది హాలు గురించి అంతా చెప్పాను. పక్కన మరో పది మంది చేరి విన్నారు. ఆ బండి ఆయనే తీసుకున్నాడు. తన కుక్క కూడా ఆ సీటు మీదే కూర్చుంటుందని, నువ్వేమీ అనుకోవద్దని చెప్పమన్నాడు.

మీ హాల్లో చదివిన ఉత్తరం సంగతి కంపెనీ దాకా పోయింది. రాసింది నువ్వేనా అని గ్రాఫ్టన్ గారు అడిగితే నేనే అన్నాను. డీలర్‌షిప్ తీసెయ్యలేదు. వచ్చే ఏడాది నుంచి కొత్త మోడళ్లు అందరికంటే చివర నాకు పంపుతారట. అప్పటికి దాచడానికేమీ మిగలదు కాబట్టి ఇక అద్దాలకి కాగితం అంటించే పని లేదు.

డోరిస్ కర్టెన్లు కుట్టేసింది. వంకరగానే ఉన్నాయి. ఉండిపోవడానికి కాదులే, సెలవు దొరికినప్పుడు సరిచెయ్యడానికి రా.

తొమ్మిదిని చూసి జడుసుకున్న
నీ తమ్ముడు క్లెమ్