పావు చుట్టు స్క్రూలు

8 సెప్టెంబర్ 2025, సోమవారం

అంగడి తెరిచి ఊదొత్తి కూడా వెలిగించలేదు, ఆళ్లగడ్డ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల పంచె, జేబులో కళ్ళజోడు. రుమాలు విప్పి చిటికెన వేలి గోరంత స్క్రూ బల్ల మీద పెట్టాడు. ఇట్లాంటివి నాలుగు కావాల్నమ్మా అన్నాడు. నంద్యాలలో ఎవరినడిగినా చెబుతారు, మా అంగడిలో దొరకని బోల్టు ఇంకెక్కడా దొరకదని. నాయన పోయాక కూడా ఆ మాట పడిపోనివ్వలేదు నేను. కూర్చోండి, అయిదు నిమిషాలు అన్నాను.

మధ్యాహ్నం దాకా వెతికాను. దానికి థ్రెడ్, అంటే మర చుట్లు, లేవు. మొన దగ్గర వంకరగా ఒక గాడి, అంతే. దేనికని అడిగితే విమానానికి అన్నాడు. నవ్వాను. ఆయన నవ్వలేదు.

పేరు తిమ్మయ్య. ఒకటి శాంపిల్‌కి వదిలిపొమ్మన్నాను. తాళిబొట్టు కుదువ పెట్టినంత దిగులుగా ఇచ్చి వెళ్ళాడు.

11 సెప్టెంబర్

ఆటోనగర్‌లో లేదు. పాత ఇనుము అంగళ్ళలో లేదు. బేతంచెర్లలో బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో పాత కంప్రెసర్ మూతకు ఇట్లాంటివే ఉంటాయని ఒక లారీ డ్రైవర్ చెబితే బస్సెక్కి వెళ్ళాను. ఉన్నాయి. నిజంగానే ఉన్నాయి. కానీ రెండింతల లావు. తల నిండా రాతి పొడితో తిరిగొచ్చాను.

ఒక స్క్రూ నా మీద గెలవడమా.

14 సెప్టెంబర్, ఆదివారం

ఆళ్లగడ్డ వెళ్ళాను. నిజం రాసుకోవాలంటే, నమ్మకం లేక వెళ్ళాను. శిల్పుల షెడ్లు దాటాక, ఉలి దెబ్బలు ఇంకా వినపడుతుండగానే తిమ్మయ్య పత్తి గోడౌను వస్తుంది. తలుపు తీస్తే లోపల పసుపు విమానం. పుష్పక్ అంట. ఇద్దరు పడతారు. రెక్క మీద చెయ్యి వేసి ఉలిక్కిపడ్డాను, అది గుడ్డ. రంగు పూసి బిగించిన గుడ్డ. గుడ్డతో ఎట్లా ఎగురుతుందని అడిగితే, పిట్టకు ఉండేది ఇనపరెక్కలా ఏందమ్మా అన్నాడు.

పంతొమ్మిదేళ్ళప్పుడు ఫ్లయింగ్ క్లబ్‌లో ఆయన నేర్చుకున్నది ఈ విమానం మీదేనట. క్లబ్ మూతపడి తుక్కు కింద వేలం వేస్తుంటే పాడుకుని తెచ్చుకున్నాడు. అప్పటి నుంచీ బాగు చేయిస్తూనే ఉన్నాడు. లైసెన్సు మాత్రం పోనివ్వలేదు, ఏటా బెంగళూరు పోయి ఎగిరి వస్తాడు. ఇంగొక్కసారి దీంట్లో పోవాలమ్మా అన్నాడు.

ఇంజన్ మీద రేకు మూత ఉంటుంది. దాని అంచంతా ఈ స్క్రూలే. నొక్కి పావు చుట్టు తిప్పితే లోపలి తీగ స్ప్రింగు గాడిలో పడి టిక్ అంటుంది. లారీలో తెచ్చేటప్పుడు కొన్ని ఊడిపోయాయి. అవి లేకపోతే పైన గాలికి మూత లేచిపోతుంది. మామూలు బోల్టు బిగించేద్దాం అన్నాను. కుదరదంట. విమానంలో వేసే ప్రతి స్క్రూకూ ఎక్కడ తయారైందో కాగితం ఉండాలంట. ఆధార్ లేకపోతే పిల్లోణ్ణి బళ్ళో చేర్చుకోనట్టు.

అక్టోబర్ 18న ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఆ రోజు పాస్ కాకపోతే విమానం హైవే మీద ఒక డాబావాళ్ళకు పోతుంది. కప్పు మీద నిలబెట్టుకుంటారంట, జనం ఫోటోలు దిగడానికి. దీపావళి దాకా గడువని కొడుకు వెంకటేష్ తండ్రి దగ్గర మాట తీసుకున్నాడు. నాకు వెంకటేష్ మీద ఒళ్ళు మండింది. అది మొహంలో కనపడ్డట్టుంది, గేటు దాకా వచ్చి చెప్పాడు. మా నాయన పైకి పోతాడంటే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడంలేదక్కా, డాబా మీదైతే కిందపడేది లేదు గదా అన్నాడు.

తిమ్మయ్య భార్య మహానందమ్మ మజ్జిగ ఇచ్చి, మా సవితిని చూసినావా, బాగుందా అని అడిగింది. ఇంట్లో విమానాన్ని ఆమె అట్లాగే పిలుస్తుంది.

22 సెప్టెంబర్

దొరికాయి. తిమ్మయ్య విమానానికి పని చేసే ఇంజనీరు ఇమ్మానుయేలు గారు బెంగళూరులో ఎవరి దగ్గరో పాత స్టాకు పట్టుకున్నారు. కాగితంతో సహా. పంపిస్తారు.

29 సెప్టెంబర్

ఆర్టీసీ పార్శిల్‌లో వచ్చాయి. శాంపిల్ పక్కన పెట్టి చూశాను, కవల పిల్లలు. కాకపోతే కాస్త మసకగా, పసుపు పచ్చగా ఉన్నాయి. తిమ్మయ్యకు ఫోన్ చేశాను. పండగ దాటినాక నువ్వే తీసుకొని రామ్మా, నీ చేత్తోనే బిగిద్దువు అన్నాడు. రోజంతా గాలిలో ఉన్నాను నేను.

1 అక్టోబర్, ఆయుధ పూజ

తక్కెడ, రాళ్ళు, స్పానర్లు, షట్టర్ తాళాలు అన్నీ చింతపండు గుజ్జులో వేసి తోమాను. ఆ గిన్నెలోనే తిమ్మయ్య స్క్రూలు కూడా వేశాను. మసకగా ఇస్తే ఏం బాగుంటుంది. రాత్రంతా నానబెట్టి తోమితే వెండిలా తేలాయి. పసుపు, కుంకుమ పెట్టి దేవుడి ముందు ఉంచాను.

4 అక్టోబర్

చెడగొట్టాను.

ఆ పసుపు మసక మురికి కాదు, తుప్పు పట్టకుండా వేసిన పూత. యెల్లో ప్లేటింగ్ బోల్టులు రోజూ అమ్మేదాన్ని నేను. పాత సరుకు కదా, పట్టిన మరక అనుకున్నాను. రెండు రోజుల ముసురుకే తల మీద ఎర్ర చుక్కలు వచ్చేశాయి. ఆళ్లగడ్డ వెళ్ళి చేతికిస్తే, తిమ్మయ్య ఒక్కొక్కటే కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాడు. ఏం జేసినావమ్మా అని మాత్రం అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఇమ్మానుయేలు గారు ఫోన్‌లో, ఇన్‌స్పెక్టర్ మొదట చూసేదే ఆ పూత అన్నారు. అక్కడ ఉన్నవి అవేనట, ఇక లేవట.

మహానందమ్మ భోంచేసి పొమ్మంది. ఆకలి లేదని అబద్ధం చెప్పి బస్సెక్కాను. ఆళ్లగడ్డ దాటినప్పటి నుంచీ కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. ఆయన కోరింది ఒక్కటే. దాన్ని నా చేతులతో చింతపండు గిన్నెలో వేశాను.

5 అక్టోబర్

అంగడి తియ్యలేదు.

7 అక్టోబర్, పొద్దున 6

హార్డ్‌వేర్ వర్తకుల వాట్సాప్ గ్రూపు ఉంది. కర్నూలు, ఆదోని, ప్రొద్దుటూరు, బళ్ళారి, అందరూ ఉంటారు. నాయన ఆ గ్రూపులో ఎప్పుడూ ఏదీ అడగలేదు, నేనూ అడగలేదు. అడిగితే మన దగ్గర లేదని ఒప్పుకున్నట్టు. లేదు అన్న మాట అంగట్లో అనకూడదని మాకు ఉగ్గుపాలతో నేర్పుతారు. రేపు రండి అంటాం, తెప్పిస్తాం అంటాం.

ఇప్పుడే పెట్టాను. శాంపిల్ ఫోటో, జరిగింది, చింతపండు సంగతితో సహా. నా దగ్గర లేవు, నా వల్లే పోయాయి, ఎవరి దగ్గరైనా ఉంటే పెద్దాయన విమానం నిలబడుతుందని రాశాను.

7 అక్టోబర్, రాత్రి

రోజంతా నవ్వారు. ఆదోనివాళ్ళు చారులోకి ఇంగువ కావాల్నా అని అడిగారు. నా పేరు చింతపండు యామిని అయిపోయింది. స్క్రూ మాత్రం ఎవరి దగ్గరా లేదు.

9 అక్టోబర్

బళ్ళారి నుంచి సంజీవయ్య శెట్టి అని ఒక ముసలాయన ఫోన్ చేశాడు. అంగడి మూసి చాలా కాలమైందట. గ్రూపులో మనవడు చూపించాడట. వాళ్ళ నాయన కాలంలో ఫ్లయింగ్ క్లబ్‌కు సరుకు వేసేవాళ్ళట. సీలు విప్పని ప్యాకెట్టు ఒకటుంది, లోపల కాగితం ఉందో లేదో తెలీదు, పార్శిల్ ఎయ్యను, నువ్వే రా అన్నాడు. మా కులంలో అమ్ముడుపోని సరుకు పారేసే మనిషి ఇంకా పుట్టలేదు. మొదటిసారి ఆ పిసినారితనానికి దణ్ణం పెట్టాను.

11 అక్టోబర్, శనివారం

శనివారం ఇనుము ఇంటికి తేకూడదంటారు. తెచ్చాను.

నా ఎదురుగానే సీలు విప్పాడు. నూనె కాగితంలో చుట్టిన స్క్రూలు. మసకగా, పసుపు పచ్చగా, ఎంత అందంగా ఉన్నాయో. అడుగున మడతపెట్టిన కాగితం, ముద్రతో. ఫోటో తీసి ఇమ్మానుయేలు గారికి పంపితే చెల్లుతుందన్నారు. ధర అడిగితే సంజీవయ్య కసురుకున్నాడు. ఇన్నేండ్లు అడిగినోడు లేని సరుక్కు ధర ఏందమ్మా అన్నాడు. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, కడగొద్దు అన్నాడు.

18 అక్టోబర్

రాత్రి 9. గోడౌన్ నుంచి ఇప్పుడే వచ్చాను. ముక్కులో ఇంకా పెట్రోలు వాసన.

పొద్దున నేనే బిగించాను. నొక్కడం, పావు చుట్టు, టిక్. నాలుగూ పడ్డాయి. ఇన్‌స్పెక్టర్ మాట తక్కువ మనిషి. మూత చుట్టూ వేలు పెట్టి ఒక్కో స్క్రూ తడిమాడు, కాగితం చదివాడు, మళ్ళీ తడిమాడు. తర్వాత విమానాన్ని బయటికి తోసి ఇంజన్ వేయమన్నాడు. గోడౌన్‌లో మూలల్లో ఉన్న పత్తి అంతా లేచి మా నెత్తిన పడింది. మూత కదల్లేదు. సంతకం పెట్టి, టీ అడిగాడు.

తిమ్మయ్య నా తల మీద చెయ్యి పెట్టి అక్కడే నిలబడిపోయాడు. వెంకటేష్ డాబావాళ్ళకు ఫోన్ చేసి, లేదన్నా, ఈయం అని చెప్పాడు. మాట మీద నిలబడ్డాడు. ఫోన్ పెట్టేశాక మాత్రం మొహం నెత్తురు చుక్క లేనట్టుంది. పాస్ అయ్యే రోజు ఇంత భయంగా ఉంటుందని నేను అనుకోలేదు. వెంకటేష్ భయం ఇప్పుడు నాకు కూడా అంటుకుంది.

30 నవంబర్, పొద్దున 7.40, ఓర్వకల్లు

విమానాన్ని లారీలో ఇక్కడి ఎయిర్‌పోర్టుకు తెచ్చారు. రన్‌వే పక్కన నిలబడి ఫోన్‌లో రాస్తున్నాను. తిమ్మయ్య ఎక్కాడు, పైకి లేచింది. ఒక చుట్టు తిరిగి దిగాలి. దిగలేదు, రెండో చుట్టు వేస్తున్నాడు. దిగమని టవర్‌వాళ్ళతో చెప్పించడానికి వెంకటేష్ పరిగెత్తబోయాడు. మహానందమ్మ చొక్కా పట్టుకుని ఆపింది. ఉండనీ లేరా, యాడికి పోతాడు మీ నాయన, మళ్ళా నేల మీదికే గదా వచ్చేది అంది.