ఉమ్మడి వాకిట్లో లైటు

అల్ హైల్,
5-2-1994

నా వాణికి,

నిన్ను చూడాలని కొట్టుకుంటున్న లింబాద్రి రాయునది. నాతో ఇక్కడుండే మన ఊరి రఘుపతి సెలవు మీద వస్తున్నాడు. అతని పెట్టెలో నీకో లైటు పంపుతున్నాను. దానికి స్విచ్చి నొక్కే పని లేదు. మనిషి ఎదుటికి వస్తే దాని సెన్సర్ కనిపెట్టి వెలిగిస్తుంది, పోతే ఆర్పేస్తుంది. ఇక్కడి అరబ్బు యజమానుల, అదే అర్బాబుల, విల్లాల్లో రోజూ ఇవే బిగిస్తున్నాను. బిగించాక కింద నడిచి చూస్తాను. వెలిగిన ప్రతిసారీ మన వాకిట్లో నువ్వు బిందెతో వస్తున్నట్టే ఉంటుంది. నవ్వుకో, ఫరవాలేదు. తెల్లవారుజామున బోరింగు దగ్గరికి తడుముకుంటూ పోతున్నానని రాశావు కదా, అప్పటినుంచి నాకు తిండి సయించడం లేదు.

ఇల్లు అన్నతో పంచుకున్నాం గాని వాకిలి ఉమ్మడే. మన వైపే వెలిగితే వదినె మూతి ముడుస్తుంది. అందుకని సెన్సర్ ఒకటే పెట్టి, రెండు బల్బులూ దానికే కలపమను. కరెంటు బిల్లు దగ్గర పేచీ రాకుండా మన బల్బుకు మన మీటరు నుంచి, అన్న బల్బుకు అన్న మీటరు నుంచి తీగ లాగమని వైర్‌మన్‌కు చెప్పు. నేనొచ్చి చేయాల్సిన పని ఇది. ఈ ఏడూ సెలవు లేదన్నారు. నాకు బదులు లైటు వస్తోంది, ఏం చేస్తాం.

నీ లింబాద్రి

అల్ హైల్,
27-2-1994

వాణీ,

ఆ లైటు ముట్టుకోకు. ఎవరినీ ముట్టుకోనివ్వకు. మన ఊళ్లో గంగాధరం దుకాణానికి ఫోన్ చేసి, నీకు చెప్పమన్నాను. "సరే తియ్, చెప్త" అన్నాడు. చెప్పాడో లేదో తెలియక ఈ ఉత్తరం కూడా రాస్తున్నాను.

నిన్న ఒక విల్లాలో ఇట్లాంటి లైటే పాడైతే డ్యూటీకి పోయాం. నాతో పనిచేసే ఫక్రుద్దీన్ బోర్డులో స్విచ్చి దించి నిచ్చెనెక్కాడు. కరెంటు లేదనే తీగ పట్టుకున్నాడు. విసిరి కొట్టింది. కుడిచేయి విరిగింది, అరచేయి కాలింది. తర్వాత చూస్తే వెనక వంటగదికి వేరే బోర్డు ఉంది. అక్కడి లైటునూ ఎవరో ఇదే సెన్సర్‌కు కలిపారు. ఇటు ఆపినా అటునుంచి కరెంటు వస్తూనే ఉంది.

నేను నీకు చెప్పింది అచ్చం అదే. పేచీ రాకూడదని చూశాను గాని, మన ఫ్యూజు తీసి నువ్వు బల్బు మార్చబోతే అన్న మీటరు కరెంటు నిన్ను పట్టుకుంటుందని తట్టలేదు. రెండు ఫ్యూజులూ పీకి ఆ తీగలు విప్పించమని అన్నకు చెప్పు. సెన్సర్, బల్బులు అన్నీ ఒక్క మీటరు మీదే ఉండాలి. నీకేమన్నా అయితే ఈ దేశంలో నేనెవరి కోసం ఉన్నట్టు? వెంటనే జవాబు రాయి.

లింబాద్రి

మోర్తాడ్,
16-3-1994

మా ఆయనకు,

మీ దారి చూస్తూ వాణి రాయునది. మేమంతా బాగున్నాం. లైటు మీరు చెప్పినట్టే బిగించారు, వారం రోజులు వెలిగింది. ఊళ్లోవాళ్లంతా వచ్చి వాకిట్లో నడిచి చూసిపోయారు. పిల్లి వచ్చినా వెలిగేది. మీరొచ్చారేమోనని నేను లేచి చూసేదాన్ని.

గంగాధరం కబురు చెప్పగానే బావ రెండు ఫ్యూజులూ పీకాడు. "లింబాద్రి గంత భయపడ్డడంటె ఉట్టిగ గాదు" అని వైర్‌మన్‌ను పట్టుకొచ్చి అన్నీ విప్పించాడు. ఇప్పుడు రెండు బల్బులూ మన మీటరు మీదే ఉన్నాయి. మరి బిల్లెట్లా అంటే అక్క, అదే మీ వదినె, "మా పాలు బిల్లుకు బదులు పోస్త తియ్, గీనికి లొల్లెందుకు" అంది.

ఇక అసలు మాట. ఫక్రుద్దీన్ చేయి విరిగితే మీ అక్షరాలెందుకు వంకరపోయాయి? రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండోది ఎడమచేత్తో రాశారు. ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. అంత నొప్పిలోనూ నా గురించే భయపడ్డారు, మీ గురించి ఒక్క ముక్క రాయలేదు. బట్టలెవరు ఉతుకుతున్నారు? గుండీలెవరు పెడుతున్నారు? బావకు చెప్పాను. "రమ్మని రాయి. నేను లేనా?" అని తల పక్కకు తిప్పుకున్నాడు.

ఆ చేత్తో డ్యూటీ చేయలేరని నాకు తెలుసు. పంపించేస్తారనే దాస్తున్నారేమో. పంపించెయ్యనివ్వండి. నయమయ్యాక వస్తానని మాత్రం రాయకండి. కట్టుతోనే రండి. అన్నం నేను కలిపి తినిపిస్తాను.

మీ వాణి